డిస్క్ 0 ఏది, డిస్క్ 1 ఏది: ఫార్మాట్ కొట్టే ముందు తేల్చుకోవడం ఎలా

సిస్టమ్‌లో ఒకటే హార్డ్‌డిస్క్ ఉన్నన్నాళ్లూ దాని నంబర్ ఎంతో ఎవరికీ పట్టదు. రెండోది బిగించిన రోజు నుంచి గొడవ మొదలవుతుంది. మదర్‌బోర్డు మీద ‘సాటా 2’ అని రాసి ఉన్న పోర్టుకు తగిలించిన డిస్కును విండోస్ ‘డిస్క్ 0’ అనొచ్చు. అదే సిస్టమ్‌ను లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో లేపితే అది ‘ఎస్‌డీబీ’ కావచ్చు. మీరేమో ఇన్నేళ్లుగా దాన్ని డి డ్రైవ్ అంటున్నారు. వస్తువు ఒకటే, పేర్లు నాలుగు, ఆ నాలుగూ వేర్వేరు చోట్ల పుట్టినవి. ఏది ఎక్కడ పుట్టిందో తెలియకుండా ఫార్మాట్ కొడితే, ఇంకా ఆల్బమ్ ఇవ్వని పెళ్లి ఫొటోలు ఎగిరిపోతాయి.

గుంటూరు వాళ్లకు ఈ సంగతి చెప్పడం తేలిక. ఆటో ఎక్కి ‘నాలుగో లైను’ అంటే సరిపోదు. బ్రాడీపేట నాలుగో లైనా, అరండల్‌పేట నాలుగో లైనా అని అడుగుతాడు. రైలు పట్టాలకు ఏ పక్కో తేలాకే బండి కదులుతుంది. ‘డిస్క్ 1’ అన్నా అంతే. ఎవరి లెక్కలో డిస్క్ 1 అన్నది ముందు తేలాలి.

ఇక్కడ ఒక స్టూడియో సిస్టమ్‌ను ఉదాహరణగా పెట్టుకుందాం. విండోస్ ఉన్నది 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో, అంటే సాటా కేబుల్ లేకుండా నేరుగా మదర్‌బోర్డు స్లాట్‌లో కూర్చునే రకం. ఫొటోలన్నీ 2 టీబీ హార్డ్‌డిస్కులో. అది నిండిపోయింది కాబట్టి విజయవాడ వెళ్లినప్పుడు గవర్నర్‌పేటలో 4 టీబీది ఒకటి కొనుక్కొచ్చారు. దాన్ని బిగించాలి, ఫార్మాట్ చెయ్యాలి, పాతదాని మీద చెయ్యి పడకూడదు. కమాండ్లను తెలుగులో పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.

ముందు కాగితం, తర్వాత స్క్రూడ్రైవర్

క్యాబినెట్ విప్పకముందే ఇప్పుడున్న డిస్కుల వివరాలు రాసుకోండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింది సగంలో ఎడమవైపు బూడిదరంగు గడులు వరసగా కనిపిస్తాయి. ఒక్కో గడి ఒక్కో డిస్కు. అందులో డిస్క్ 0, డిస్క్ 1 అని నంబరు, దాని కింద సైజు, ఆన్‌లైన్ అన్న మాట ఉంటాయి. ఆ గడికి కుడివైపు ఉన్న పొడుగాటి పెట్టెలు ఆ డిస్కులోని పార్టిషన్లు. సి, డి, ఇ అన్న అక్షరాలు ఉండేది ఆ పెట్టెల మీద. అంటే నంబరు డిస్కుది, అక్షరం పార్టిషన్‌ది. చాలామంది తికమక పడేది సరిగ్గా ఇక్కడే. సి, డి అని రెండు కనిపించినంత మాత్రాన రెండు హార్డ్‌డిస్కులు ఉన్నట్టు కాదు. ఒకే డిస్కును రెండు ముక్కలు చేసి ఉండొచ్చు.

ఇప్పుడు పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి ‘గెట్-డిస్క్’ అని కొట్టండి, మధ్యలో ఆ గీత ఉండాలి. నంబరు, మోడల్ పేరు, సీరియల్ నంబరు, సైజు, ఎంబీఆరా జీపీటీనా అన్నది (డిస్కులో పార్టిషన్ల పట్టిక రాసే పాత, కొత్త పద్ధతులు), అన్నీ ఒకే పట్టికలో వస్తాయి. వీటిలో నంబరును పెన్సిల్‌తో రాయండి, మిగతావి పెన్నుతో రాయండి. నంబరు రేపటికి మారొచ్చు, సీరియల్ మారదు.

సైజు చూసి డిస్కును గుర్తుపట్టడం అన్నిటికంటే సులువు. కాకపోతే డబ్బా మీద ఉన్న అంకె, తెర మీద కనిపించే అంకె ఒకటి కావు. కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్కగడతారు, విండోస్ 1024తో లెక్కగడుతుంది. అందుకని 500 జీబీది 465గా, 1 టీబీది 931గా, 2 టీబీది 1863గా, 4 టీబీది 3726గా కనిపిస్తుంది. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ అయితే 223. ‘కొట్టువాడు 4 టీబీ అని చెప్పి తక్కువది అంటగట్టాడు’ అని టెన్షన్ పడి మళ్లీ బస్సెక్కకండి. లోపం డిస్కులో లేదు, లెక్క పద్ధతిలో ఉంది. ఈ నాలుగైదు అంకెలు నోటికి వస్తే మాత్రం సగం పని అయినట్టే. విండోస్ సెటప్‌లో అయినా, డిస్క్‌పార్ట్ అనే కమాండ్ ప్రోగ్రాంలో అయినా 1863 కనిపించగానే చెయ్యి ఆగాలి, అది ఫొటోల డిస్కు.

ఒకే కంపెనీవి, ఒకే సైజువి రెండు ఉంటే? అప్పుడు సీరియల్ తప్ప గతి లేదు. డిస్కు మీద స్టిక్కర్‌లో ఎస్/ఎన్ అన్న గుర్తు పక్కన అది ఉంటుంది. బిగించాక స్టిక్కర్ క్యాబినెట్ లోపలి వైపుకు తిరిగిపోయి ఎంత మెడ వంచినా కనపడదు, కాబట్టి బిగించకముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సీరియల్‌లో చివరి నాలుగు అక్షరాలను టేపు ముక్క మీద మార్కర్‌తో రాసి, డిస్కు వెనక అంచున, కేబుల్ తగిలించే వైపు అంటించండి. రెండేళ్ల తర్వాత క్యాబినెట్ తెరిచిన కుర్రాడు మిమ్మల్ని తలుచుకుంటాడు.

బిగించడం

షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోండి. మిర్చియార్డు చుట్టుపక్కల కొట్లలోని సిస్టమ్ అయితే డోర్ తీసి బ్లోయర్ పెట్టే ముందు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. లోపలి దుమ్ములో కారం పాలు తక్కువేం ఉండదు.

సాటా పోర్టుల పక్కన మదర్‌బోర్డు మీద సన్నని అక్షరాల్లో నంబర్లు ఉంటాయి. కొన్ని బోర్డులు 0 నుంచి మొదలుపెడతాయి, కొన్ని 1 నుంచి. పాత డిస్కు ఏ పోర్టులో ఉందో చూసి కాగితం మీద రాసుకుని, దాన్ని కదపకుండా కొత్తదాన్ని ఖాళీ పోర్టుకు తగిలించండి.

పాతకాలపు వెడల్పాటి రిబ్బన్ కేబుళ్లు వాడినవాళ్లకు మాస్టర్, స్లేవ్ అని జంపర్ (డిస్కు పిన్నులకు తొడిగే చిన్న క్లిప్పు) పెట్టడం గుర్తుండే ఉంటుంది. ఒక కేబుల్‌కు రెండు డిస్కులు తగిలేవి, ఏది ఎవరో జంపర్ చెప్పాలి. సాటాలో ఒక కేబుల్‌కు ఒకటే డిస్కు కాబట్టి ఆ అవసరం పోయింది. ఇప్పటికీ ‘దీన్ని స్లేవ్‌గా పెట్టండి’ అనేవాళ్లు కనిపిస్తారు. ‘రెండో డిస్కుగా పెట్టండి’ అని అర్థం చేసుకుంటే చాలు.

మీరు కొన్నది ఎం.2 ఎస్‌ఎస్‌డీ అయితే మాన్యువల్‌లో ఒక విషయం చూడండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచెయ్యడం మానేస్తాయి, ఎందుకంటే రెంటికీ దారి ఒకటే. కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టగానే పాత హార్డ్‌డిస్క్ మాయమైతే అది చచ్చిపోయిందనుకునే ముందు కేబుల్‌ను వేరే పోర్టుకు మార్చి చూడండి.

విండోస్ ఎలా లెక్కపెడుతుంది

ఆన్ చేసి మళ్లీ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కొత్త డిస్కు చివరి నంబరుగానే వస్తుందని నమ్మకం లేదు. మన స్టూడియో సిస్టమ్‌లో నిన్నటిదాకా డిస్క్ 0గా ఉన్న 2 టీబీ ఇవాళ డిస్క్ 1 కావచ్చు, కొత్త 4 టీబీ వచ్చి డిస్క్ 0లో కూర్చోవచ్చు, విండోస్ ఉన్న ఎన్‌వీఎంఈ డిస్క్ 2 కావచ్చు. ఇందులో తప్పేమీ జరగలేదు. సిస్టమ్ లేచేటప్పుడు విండోస్ కంట్రోలర్లను (డిస్కులను నడిపే చిప్పులను) పలకరిస్తుంది, ఏ డిస్కు ఏ వరసలో నమోదైతే ఆ వరసలో 0 నుంచి నంబర్లు ఇస్తుంది. మదర్‌బోర్డు పోర్టు నంబరుకూ దీనికీ కచ్చితమైన లంకె లేదు. ప్రతిసారీ అదే వరస వస్తుందన్న హామీ కూడా లేదు. చాలా సిస్టమ్‌లలో రోజూ ఒకటే వరస వస్తుంది, అందుకే మనకు నమ్మకం కుదురుతుంది. సరిగ్గా ఫార్మాట్ కొట్టే రోజున వరస మారుతుంది.

సి డ్రైవ్ డిస్క్ 0లోనే ఉంటుందన్నది కూడా ఒట్టి మాటే. సాటా డిస్కులకు ముందు నంబర్లు పడి ఎన్‌వీఎంఈకి తర్వాత పడడం మామూలే. సి డ్రైవ్ ఏ డిస్కులో ఉందో కుడివైపు పెట్టెల్లో చూసి తెలుసుకోండి. నంబరు చూసి ఊహించవద్దు.

సున్నా నుంచి లెక్క ఎందుకంటే, మొదటిదాని నుంచి ఎంత దూరం జరగాలన్నది కంప్యూటర్ లెక్క. మొదటిదానికి జరగక్కర్లేదు కాబట్టి సున్నా. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా, ఈ సున్నా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. విండోస్‌లో డిస్కులకు 0 నుంచి, పార్టిషన్లకు 1 నుంచి లెక్క. ఎక్స్‌పీ రోజుల బూట్ డాట్ ఐఎన్ఐ ఫైలులోనూ ‘ఆర్‌డిస్క్(0) పార్టిషన్(1)’ అనే ఉండేది. లైనక్స్ బూట్‌లోడర్ గ్రబ్ పాత వెర్షన్ రెంటినీ 0 నుంచి లెక్కపెట్టేది, గ్రబ్ 2 వచ్చాక డిస్కు 0 నుంచి, పార్టిషన్ 1 నుంచి అయింది. పాత పద్ధతి తెలిసినవాళ్లు కొత్తదాంట్లో ఒక పార్టిషన్ అటూ ఇటూ కావడం అందుకే. విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రాం బయోస్ లెక్క మరొకటి. మొదటి హార్డ్‌డిస్కుకు హెక్సాలో 80, రెండోదానికి 81. పైగా బయోస్‌లో ఏ డిస్కు నుంచి బూట్ అవ్వమంటే దానికే 80 దక్కుతుంది. బూట్ ఆర్డర్ మార్చినంత మాత్రాన నంబర్లు తారుమారు కావడానికి ఇది కారణం.

ఇక కొత్త డిస్కు సంగతి. ‘నాట్ ఇనిషియలైజ్డ్’ అని చూపిస్తూ, ఎంబీఆర్ కావాలా జీపీటీ కావాలా అని ఒక పెట్టె అడుగుతుంది. జీపీటీ ఎంచుకోండి. ఎంబీఆర్ మామూలు డిస్కుల్లో 2 టీబీ దాటి చూడలేదు. మీ 4 టీబీలో దాదాపు సగం అలా వృథాగా పడి ఉంటుంది. ఎంబీఆర్‌లో ప్రైమరీ (అసలు) పార్టిషన్లు నాలుగుకు మించవు, జీపీటీలో విండోస్ 128 దాకా ఇస్తుంది. ఆ పెట్టెలో డిస్కు నంబరు పక్కన టిక్కు ఉంటుంది. ఓకే కొట్టే ముందు ఆ నంబరు ఉన్న గడిలో సైజు 3726 జీబీయే కదా అని కాగితంతో సరిచూడండి. తర్వాత ‘అన్‌ఎలొకేటెడ్’ అన్న నల్లగీత పెట్టె మీద రైట్ క్లిక్ చేసి, న్యూ సింపుల్ వాల్యూమ్ అని ముందుకు పోండి. వాల్యూమ్ లేబుల్ అడిగినచోట ‘న్యూ వాల్యూమ్’ అని వదిలెయ్యకుండా ‘ఫొటోలు 4టీబీ’ లాంటి పేరు ఇంగ్లీషులో పెట్టండి. నంబరు మారినా, అక్షరం మారినా లేబుల్ మారదు.

ఒక హెచ్చరిక. ‘ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి’ అని విండోస్ తనంతట తాను అడిగితే వెంటనే సరే అనకండి. డిస్కు ఖాళీ అని దాని అర్థం కాదు, తనకు చదవడం రాలేదని అర్థం. లైనక్స్‌లో ఫార్మాట్ చేసినదైనా, పాడైన పార్టిషన్ అయినా విండోస్ అడిగేది ఇదే ప్రశ్న.

డ్రైవ్ అక్షరాలు

హార్డ్‌డిస్కు అక్షరాలు సి నుంచి మొదలవడం డాస్ కాలపు ఆచారం. ఎ, బి ఫ్లాపీలవి. ఫ్లాపీలు పోయినా వాటి కుర్చీలు అలాగే ఉన్నాయి.

డాస్‌లో, విండోస్ 98 దాకా, అక్షరాలు ఎక్కడా రాసి పెట్టుకునేవి కావు. లేచిన ప్రతిసారీ కొత్తగా పంచేవి. ముందు ఒక్కో డిస్కులోని ప్రైమరీ పార్టిషన్‌కు ఒక్కో అక్షరం, ఆ తర్వాత మొదటి డిస్కులోని లాజికల్ (ఒక పెద్ద పార్టిషన్ లోపల చేసిన చిన్న) పార్టిషన్లకు, ఆ తర్వాత రెండో డిస్కులోనివాటికి. ఒకే డిస్కులో సి, డి, ఇ ఉన్న సిస్టమ్‌కు రెండో డిస్కు తగిలించామనుకోండి, దాని ప్రైమరీ పార్టిషన్ వచ్చి డిలో కూర్చునేది. పాత డి ఇ అయ్యేది, ఇ ఎఫ్ అయ్యేది. డి నుంచి నడిచే ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. ‘రెండో డిస్క్ పెడితే సిస్టమ్ పాడవుతుంది’ అన్న పాత భయానికి మూలం ఇదే. అప్పట్లో ఆ భయం నిజం.

ఇప్పటి విండోస్ అలా చెయ్యదు. ఎంబీఆర్ డిస్కు అయితే దాని సంతకాన్ని (డిస్కు మీద రాసి ఉండే గుర్తింపు సంఖ్యను), పార్టిషన్ ఎక్కడ మొదలైందో ఆ చోటును, జీపీటీ అయితే పార్టిషన్‌కున్న గుర్తింపు సంఖ్యను రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే పుస్తకంలో) ‘మౌంటెడ్ డివైసెస్’ అన్నచోట రాసుకుని, పక్కన అక్షరం వేసుకుంటుంది. కాబట్టి డిస్కును ఏ పోర్టుకు మార్చినా, డిస్క్ 0 కాస్తా డిస్క్ 2 అయినా, డి డిగానే ఉంటుంది. విండోస్ మళ్లీ వేస్తే మాత్రం ఈ పుస్తకం కొత్తది. అందులో పాత రాతలుండవు, అక్షరాలు మారొచ్చు.

మారితే ఏమవుతుందంటే, ఫొటోలు ఎక్కడికీ పోవు కానీ వాటిని వెతికే ప్రోగ్రాములకు దారి తప్పుతుంది. ఫొటోలు సర్దుకునే లైట్‌రూమ్ కేటలాగ్‌లో ఫోల్డర్లన్నిటి మీదా ప్రశ్నార్థకాలు పడతాయి. కమీషన్ కొట్టులో లెక్కల ప్రోగ్రాం ట్యాలీ తెరిస్తే కంపెనీ కనపడదు, దాని డేటా దారిలో డి అని ఉండి ఇప్పుడు అదే ఫోల్డర్ ఇలో ఉంటుంది కాబట్టి. సీజన్‌లో ఇలా జరిగితే యజమానికి చెమటలు పడతాయి. డేటా రికవరీ వాళ్లకు ఫోన్ చేసే ముందు అక్షరం మారిందేమో చూడండి. మారితే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్ మీద రైట్ క్లిక్ చేసి, ‘చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్’లో పాత అక్షరం తిరిగి ఇవ్వండి.

మన స్టూడియోలో ఫొటోలన్నీ 4 టీబీలోకి కాపీ చేశాక కొత్తదే డి కావాలి. ఒకే అక్షరం ఇద్దరికి ఉండదు, కాబట్టి వరస ముఖ్యం. ఫొటోషాప్, లైట్‌రూమ్ అన్నీ మూసెయ్యండి. ముందు పాత 2 టీబీకి ఎక్స్ అక్షరం ఇవ్వండి. ఇప్పుడు డి ఖాళీ అయింది, దాన్ని కొత్తదానికి ఇవ్వండి. ఒకసారి రీస్టార్ట్ చేసి కేటలాగ్ తెరిచి చూడండి. సి జోలికి మాత్రం పోవద్దు, అక్కడ మార్చనివ్వదు కూడా.

బ్యాకప్‌కు వాడే ఎక్స్‌టర్నల్ డిస్కుకు అక్షరాల చివరి నుంచి ఏదో ఒకటి, పి గానీ ఆర్ గానీ, మీరే ఇవ్వండి. వదిలేస్తే ఇవాళ ఎఫ్, రేపు ముందే పెన్‌డ్రైవ్ పెట్టి ఉంటే జి అవుతుంది. ఎఫ్‌లోకి బ్యాకప్ తియ్యమని చెప్పిన ప్రోగ్రాం ఆ రోజు బ్యాకప్ తియ్యదు.

విండోస్ మళ్లీ వేసేటప్పుడు

ఎక్కువ డేటా పోయేది ఇక్కడే, కాబట్టి నిదానంగా. సెటప్ పెన్‌డ్రైవ్‌తో లేచిన సిస్టమ్‌లో నడిచేది వేరే చిన్న విండోస్. దాని లెక్క దానిదే. మీ పాత విండోస్‌లో డిస్క్ 1గా రాసుకున్నది ఇక్కడ 0 కావచ్చు. డి, ఇ అక్షరాలైతే ఇక్కడ చూపించదు కూడా. చిన్న చిన్న పార్టిషన్లతో కలిపి ఎనిమిది తొమ్మిది వరసలు కనిపిస్తాయి.

ఈ దశలో నాకు వచ్చే ఫోన్లు ఒకేలా ఉంటాయి.

‘అన్నా, డ్రైవ్ 1 డిలీట్ కొట్టేయమంటావా?’

‘దాని సైజెంత తమ్ముడూ?’

‘అదేదో పద్దెనిమిది వందలుంది.’

‘ముందు మౌస్ మీద నుంచి చెయ్యి తియ్యి.’

అన్నిటికంటే మంచి ఉపాయం కేబుల్ పీకెయ్యడం. సెటప్ మొదలుపెట్టే ముందు సిస్టమ్ ఆఫ్ చేసి, విండోస్ ఎక్కాల్సిన డిస్కు తప్ప మిగతావాటి సాటా కేబుళ్లు తీసెయ్యండి. కనపడని డిస్కును పొరపాటున ఫార్మాట్ చెయ్యలేరు. దీనికి ఇంకో లాభం ఉంది. వేరే డిస్కులో పాత బూట్ పార్టిషన్ ఉంటే సెటప్ తన బూట్ ఫైళ్లను అందులోకే తోసేస్తుంటుంది. విండోస్ ఎస్‌ఎస్‌డీలో ఉంటుంది, దాన్ని లేపే ఫైళ్లు హార్డ్‌డిస్కులో ఉంటాయి. ఏడాది తర్వాత ఆ హార్డ్‌డిస్క్ తీసేస్తే సిస్టమ్ లేవదు, ఎస్‌ఎస్‌డీ చూస్తే శుభ్రంగా ఉంటుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. అదనంగా ఖర్చయ్యేది రెండు కేబుళ్లు పీకి పెట్టే సమయమే.

ల్యాప్‌టాప్‌లో కేబుల్ పీకడం కుదరకపోతే సెటప్ తెరలోనే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. నల్ల కిటికీ వస్తుంది. అందులో ‘డిస్క్‌పార్ట్’ అని కొట్టి, ‘లిస్ట్ డిస్క్’ అంటే నంబర్లు, సైజులు వస్తాయి. ‘సెలెక్ట్ డిస్క్ 1’ అని, వెంటనే ‘డీటెయిల్ డిస్క్’ అనండి. మోడల్ పేరు, లోపలి వాల్యూముల లేబుళ్లు కనిపిస్తాయి. మీరు ముందు పెట్టిన లేబుల్ ఇప్పుడు అక్కరకొస్తుంది. మళ్లీ ‘లిస్ట్ డిస్క్’ అంటే ఎంచుకున్న డిస్కు ముందు నక్షత్రం గుర్తు (*) పడి ఉంటుంది. యూట్యూబ్ వీడియోలు చూసి ఇదే కిటికీలో ‘క్లీన్’ కొట్టేవాళ్లున్నారు. ఆ కమాండ్ ‘నిజంగా చెయ్యమంటారా’ అని అడగదు, ఎంటర్ నొక్కగానే పార్టిషన్లన్నీ చెరిపేస్తుంది. సీరియల్, సైజు, లేబుల్ మూడింటిలో రెండయినా కాగితంతో కలిస్తే తప్ప ఆ మాట టైప్ చెయ్యకండి. యూపీఎస్ బ్యాటరీ ఎలా ఉందో కూడా ముందే చూసుకోండి.

లైనక్స్‌లో

పాత లైనక్స్‌లో పేరు చోటును బట్టి వచ్చేది. ప్రైమరీ కేబుల్ మాస్టర్ హెచ్‌డీఏ, స్లేవ్ హెచ్‌డీబీ, సెకండరీ మాస్టర్ హెచ్‌డీసీ, దాని స్లేవ్ హెచ్‌డీడీ. మధ్యలో ఒక డిస్కు లేకపోయినా మిగతావాటి పేర్లు జరిగేవి కావు. ఇప్పటి ఎస్‌డీఏ, ఎస్‌డీబీలు అలా కాదు. కనపడిన వరసలో ఇచ్చే పేర్లు. యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ కూడా ఇదే వరసలో నిలబడుతుంది. ఇరవయ్యారూ అయిపోతే ఎస్‌డీఏఏ అని మళ్లీ మొదలు. పక్కన వచ్చే అంకె పార్టిషన్‌ది. ఎంబీఆర్‌లో 1 నుంచి 4 ప్రైమరీకి, లాజికల్ ఎప్పుడూ 5 నుంచి. అందుకే రెండే పార్టిషన్లున్నా ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ5 అని కనిపిస్తుంటాయి.

ఎన్‌వీఎంఈ పేర్లు చూడ్డానికి పొడుగు కానీ చదవడం తేలికే. ‘ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2’ అంటే 0 నంబరు కంట్రోలర్, అందులో 1వ నేమ్‌స్పేస్ (ఆ ఎస్‌ఎస్‌డీలోని నిల్వ భాగం), అందులో 2వ పార్టిషన్. మ్యాక్‌లో ఇదే పని ‘డిస్క్0ఎస్2’ చేస్తుంది.

టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ కమాండ్‌కు మైనస్ ఓ జోడించి నేమ్, సైజ్, మోడల్, సీరియల్ అడగండి. మీ కాగితంలోని వరసలే తెర మీద కనిపిస్తాయి. డిస్కు మీదికి నేరుగా రాసే డీడీ కమాండ్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసేవాళ్లు ఇది ప్రతిసారీ చూడాలి, నిన్న చూశాం కదా అనుకోకూడదు. ఎక్కడ రాయాలో చెప్పే ఓఎఫ్ దగ్గర ఒక్క అక్షరం తేడా పడితే పెన్‌డ్రైవ్‌కు బదులు ఫొటోల డిస్కు మీద రాసేస్తుంది.

డిస్కు ఎప్పుడూ ఒకేచోట మౌంట్ కావాలంటే, అంటే ఒకే ఫోల్డర్‌లో తెరుచుకోవాలంటే, ఆ జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఎస్‌డీబీ1 అని రాయకండి. ‘బీఎల్‌కేఐడీ’ కమాండ్ చూపించే యూయూఐడీ రాయండి. అది ఫార్మాట్ చేసినప్పుడు ఫైల్‌సిస్టమ్ లోపల పడిన సంఖ్య, పోర్టు మారినా వరస మారినా దానికి పట్టదు. అదే వరసలో ‘నోఫెయిల్’ అన్న మాట కూడా చేర్చండి. లేదంటే ఆ డిస్కు పీకేసిన రోజు సిస్టమ్ దానికోసం నిమిషంన్నర ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో నిలబడిపోతుంది. ఫైల్ సేవ్ చేశాక రీస్టార్ట్ కొట్టే ముందు ‘మౌంట్ మైనస్ ఏ’తో పరీక్షించుకోండి. తప్పుంటే అప్పుడే చెబుతుంది.

క్లోన్ చేస్తే

500 జీబీ ఎస్‌ఎస్‌డీని పెద్దదానిలోకి క్లోన్ చేస్తే, అంటే ఉన్నదున్నట్టు నకలు తీస్తే, డేటాతో పాటు గుర్తింపు సంఖ్య కూడా యథాతథంగా కాపీ అయిపోయి ఉండొచ్చు. ఒకే సంతకంతో ఇద్దరు వస్తే విండోస్ ఒకరినే లోపలికి రానిస్తుంది. రెండోదాన్ని ‘సిగ్నేచర్ కొలిజన్’ అని చెప్పి ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. డిస్కు పోలేదు. కానీ అక్కడే రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ కొట్టకండి. కొడితే దానికి కొత్త సంతకం వేస్తుంది, ఆ సంతకాన్ని నమ్ముకున్న బూట్ ఫైళ్లకు అది దొరకదు. లైనక్స్‌లోనూ ఒకే యూయూఐడీతో రెండుంటే ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం.

క్లోన్ అవగానే సిస్టమ్ ఆఫ్ చెయ్యండి, పాతదాన్ని తీసెయ్యండి, కొత్తదొక్కదానితో లేపండి. బాగా లేచి, నాలుగు రోజులు పని సాఫీగా నడిచాక పాతదాన్ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి తగిలించండి. అప్పుడు ఆఫ్‌లైన్ అంటే ఆన్‌లైన్ కొట్టొచ్చు, సంతకం మారేది పాతదానికే కాబట్టి నష్టం లేదు. దాన్ని ఖాళీ చేసి వేరే పనికి వాడుకోవాలని ఉన్నా, ఆ ముహూర్తాల ఆల్బమ్‌లన్నీ డెలివరీ అయ్యేదాకా ఆగి, అప్పుడు సీరియల్ చూసి ఫార్మాట్ కొట్టండి.